నాలుగేళ్ళ బాబుతో ఒక్క రోజులో ఉండవల్లి, కొండపల్లి, బ్యారేజీ... అవుతాయా?

గుంటూరు_అమ్మ:
అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు. వచ్చే ఆదివారం బాబుని తీసుకుని విజయవాడ వైపు వెళ్దామనుకుంటున్నాం, వాడికి నాలుగేళ్ళు, అత్తయ్యగారు కూడా వస్తారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పొద్దున కారులో బయల్దేరి చీకటి పడేలోపు ఇంటికొచ్చేయాలి. మా ఆయన రాసిన లిస్టు ఇది: ఉండవల్లి గుహలు, ప్రకాశం బ్యారేజీ, బాపు మ్యూజియం, కొండపల్లి కోట, వీలైతే అమరావతి. మాల్‌లో తిప్పడం కన్నా మన పక్కనే ఉన్న పాత కట్టడాలు వాడికి ఇప్పటి నుంచే చూపించాలని నాకు గట్టిగా ఉంది, కానీ ఇన్ని చూస్తే వాడు తట్టుకుంటాడా, అసలు వాడికి ఏమన్నా ఎక్కుద్దా? పిల్లలతో వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

తాడేపల్లి_వాసి:
అక్కా ఐదు వద్దు, రెండే పెట్టుకోండి, పెద్దోళ్ళకే మూడో చోటికి వచ్చేసరికి నీరసం వచ్చేస్తది. నా ఓటు ఉండవల్లికి. పొద్దున్నే వెళ్ళిపోండి, ఎండెక్కితే ఆ రాయి మీద నడవడం కష్టం. టికెట్ ఉంది గానీ పదిహేనేళ్ళ లోపు పిల్లలకి ఉండదు. విష్ణుకుండినుల కాలం నాటివి, క్రీస్తుశకం నాలుగో, ఐదో శతాబ్దం మాట, ఇవన్నీ మీరు తెలుసుకుంటే చాలు, వాడికి మాత్రం ముందు కింద పచ్చిక మీద నిలబెట్టి పైకి చూపించండి. మూడో అంతస్తు అంచు మీద మునులు వరసగా కూర్చుని ఉంటారు, వాళ్ళ పక్కన సింహాలు కూడా ఉంటాయి, ముందు సింహాన్ని ఎవరు కనిపెడతారో చూద్దాం అనండి, మా పాప అయితే అక్కణ్ణుంచి కదల్లేదు. తర్వాత లోపల అనంతపద్మనాభస్వామి. బయట ఎండలోంచి వెళ్తాం కాబట్టి మొదట ఏమీ కనపడదు, తొందరపడకుండా కాసేపు ఆగితే మెల్లగా పాదాలు, చెయ్యి, శేషుడి పడగలు ఒక్కోటీ తేలతాయి, వాణ్ణి పాదాల దగ్గర నుంచి తల దాకా నడిపించండి, అంత పెద్ద సామి ఒకే రాయిలో పడుకున్నాడంటే వాడే వంద ప్రశ్నలు అడుగుతాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, పైన అంచుల దగ్గర చెయ్యి అస్సలు వదలొద్దు. అత్తయ్యగారు కింద చెట్ల నీడలో కూర్చుంటే హాయిగా ఉంటది.

బొమ్మల_పిచ్చి:
పై అన్న చెప్పింది కరెక్ట్. రెండోది కొండపల్లి, కానీ కోట కాదండి, కోట కింద ఊళ్ళో బొమ్మలు చేసే వీధి. కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల నాటిది, గొప్పదే, బాబు ఇంకాస్త పెద్దయ్యాక ఎక్కించండి. బొమ్మల దగ్గర అయితే వాడు కూర్చుండిపోతాడు. తెల్ల పొణికి అని తేలికపాటి కర్ర, ఒక ముక్క వాడి చేతిలో పెట్టమని అడగండి, అంత దుంగ అంత తేలిగ్గా ఉండేసరికి పిల్లల మొహాలు చూడాలి. కాళ్ళూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండీ రంపంపొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు, ఆరాక సున్నం పూసి ఆ తర్వాతే రంగులేస్తారు. ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, వాడికి నచ్చింది వాణ్ణే ఏరుకోనివ్వండి, దయచేసి గీచి గీచి బేరమాడకండి, ఆ పని ఎంత ఓపికతో చేస్తారో మీ కళ్ళతో చూసే వస్తారు. అత్తయ్యగారికి ఎక్కే మెట్లు కూడా ఉండవు.

బందర్_రోడ్:
నేను మాత్రం బాపు మ్యూజియం వదలొద్దనే అంటాను. విక్టోరియా మహారాణి జూబిలీకి 1887లో కట్టిన బిల్డింగు అది, పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సభలు జరిగినప్పుడు మన పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఈ ఊళ్ళోనే. స్కూల్లో ఆగస్టు 15కి జెండా పట్టుకున్న ఏ పిల్లాడికైనా ఆ ముక్క అర్థమవుద్ది. మధ్యాహ్నం ఎండ టైంలో లోపల నీడపట్టున ఒక గంట గడిచిపోద్ది, కాకపోతే బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

తాడేపల్లి_వాసి:
@బందర్_రోడ్ మ్యూజియం మంచిదే అన్నా, ఒప్పుకుంటా, కానీ ఉండవల్లి అయ్యాక పిల్లాడు అన్నం తిని నిద్రకి పడతాడు, అప్పుడు అద్దాల వెనక విగ్రహాలు చూడమంటే ఏడుస్తాడు. ఆ నిద్రేదో కారులో కొండపల్లి వెళ్ళేదాకా పోనివ్వడం మేలు. అమరావతి అయితే అస్సలు కలపొద్దు. మీ గుంటూరు నుంచి అది వేరే దారి, అమరేశ్వరుడి గుడి, స్తూపం, ధ్యానబుద్ధుడు, వీటికే ఒక పూట కావాలి. అక్కడి శిల్పాలు చాలావరకు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకీ లండన్‌కీ వెళ్ళిపోయాయి, మిగిలినవైనా మన పిల్లలు నిదానంగా చూడాలి కదా. అమరావతిలో ఉన్న మ్యూజియంకి శుక్రవారం సెలవు, అది చూసుకోండి.

గుంటూరు_అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మా ఆయనకి చదివి వినిపించా, ఉండవల్లి, కొండపల్లి ఫిక్స్, మ్యూజియం దసరా సెలవుల్లో, అమరావతి ఇంకో ఆదివారం. బ్యారేజీ మీద బాబుని కాసేపు దింపొచ్చా?

తాడేపల్లి_వాసి:
పైన కారు ఆపకండి అక్కా, ట్రాఫిక్ ఆగిపోద్ది. సీతానగరం వైపు ఒడ్డున ఆపి గేట్లు చూపించండి, మొత్తం 70 ఉంటాయి, ఎత్తి ఉంటే నీళ్ళ హోరు అక్కడికే వినిపిస్తది. 1957లో కట్టింది ఇది, అంతకుముందు 1855 నుంచి ఉన్న పాత ఆనకట్ట బదులు. పెరుగన్నం ఇంటి నుంచే తెచ్చుకోండి, ఉండవల్లిలో కోతులుంటే డబ్బా బయటికి తీయకండి.