అప్‌డేట్: గామా పల్సార్ల లెక్క హెచ్చవేతతో తేలలేదు

మన గెలాక్సీలో గామా పల్సార్లు (గామా కిరణాలు చిమ్ముతూ గిరగిరా తిరిగే చచ్చిన నక్షత్రాల గుళ్లు) మొత్తం ఎన్నో లెక్కగట్టాలని చూస్తున్నా. అంతరిక్షంలోని ఫెర్మీ గామా టెలిస్కోపు 2023 జాబితాలో అవి 294 ఉన్నాయి కదా, దగ్గర్లో దొరికినవాటిని గెలాక్సీ మొత్తానికి హెచ్చవేస్తే సరిపోదా అని పోయినవారం అడిగాను. సరిపోదు. జవాబుల్లో మీరన్నట్టే తిరగేసి చేశా: పైథాన్‌లో ఉత్తుత్తి పల్సార్లను పుట్టించి, వయసుతోపాటు వాటి తిరుగుడు వేగం తగ్గించి, ఎన్ని ఫెర్మీ కంటపడతాయో చూశా. మొదటిసారి గెలాక్సీ కేంద్రం వైపు కుప్పలుతెప్పలుగా దొరికేశాయి! తప్పు నాదే. ఆకాశమంతా ఒకే సున్నితత్వం (టెలిస్కోపు ఎంత మసకదాన్ని పట్టగలదన్నది) పెట్టేశా. పాలపుంత పట్టీ దగ్గర వెనకాల గామా వెలుగే ఎక్కువ, మసకవి అందులో కలిసిపోతాయి. అది సరిదిద్దాక బొమ్మ కాస్త అసలు జాబితాలా వచ్చింది.

తేలనిది పుంజం (పల్సార్ చిమ్మే కిరణాల ధార) వెడల్పు. జెమింగా అనే పల్సార్ రేడియోలో దాదాపు మూగ (ఆ పుంజం మనల్ని తాకట్లేదేమో), గామాలో ధగధగ. మరి గామా పుంజం కూడా మనవైపు తిరగనివెన్ని? ఆ ఒక్క అంకె కదిపితే మొత్తం జనాభా మారిపోతోంది. మిల్లీసెకండ్ పల్సార్ల (సెకనుకు వందలసార్లు తిరిగేవాటి) జోలికి ఇంకా పోలేదు.