అప్‌డేట్: రుషికొండ ఫొటోలో గీత ఉల్కదే

2025 డిసెంబర్ 13 రాత్రి పది గంటలకు రుషికొండ బీచ్‌లో, సముద్రం వైపు తీసిన ఫొటోలో పెద్ద చుక్క, దగ్గర్లో జంట చుక్కలు, ఒక గీత ఏమిటని అడిగాను కదా. మీరు చెప్పినట్టే స్టెల్లేరియంలో (ఆకాశ పటం చూపే యాప్) తేదీ, సమయం పెట్టి చూశాను. పెద్దది గురుగ్రహం. జంట చుక్కలు కాస్టర్, పోలక్స్, అంటే మన పునర్వసు! పంచాంగంలో వినే నక్షత్రం నా ఫొటోలో ఉందని చాలా సంతోషమేసింది. కుడివైపు ఎర్రటిది ఆర్ద్ర.

గీత గురించే టెన్షన్. విమానమైతే లైట్లు చుక్కలు చుక్కలుగా పడతాయి. శాటిలైట్ అయితే వరుస ఫొటోల్లో ముందుకు జరుగుతూ కనిపిస్తుంది. ఇది ఒక్క ఫ్రేమ్‌లోనే ఉంది, చివర్లు సన్నగా ఉన్నాయి. వెనక్కి పొడిగిస్తే కాస్టర్ దగ్గరికే చేరింది. ఏటా డిసెంబర్‌లో పడే జెమినిడ్ ఉల్కలు కాస్టర్ దగ్గర్నుంచే వస్తున్నట్టు కనిపిస్తాయి. కాబట్టి ఇది జెమినిడ్ ఉల్కే. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి అది! అందరికీ థాంక్స్.