లాటిన్ వాక్యం ఎట్ల విడగొట్టాల?

కడపలో ఉండి సొంతంగా లాటిన్ నేర్చుకుంటాండా. ‘అగ్రికోలా పుయెల్లే రోసమ్ దత్’ కాడ ఆగిపోయినా, వరసగా అర్థాలు పెట్టుకుంటా పోతే రైతు, అమ్మాయి, గులాబీ, ఇస్తాడు అని వస్తాంది గానీ ఎవరు ఎవరికి ఇస్తాండారో తెలీడంలా. ఎట్లన్నా?

అనంతపురం నుంచి:
ముందు క్రియ పట్టుకో తమ్ముడూ. దత్ చివర్న త్ ఉంది కదా, అంటే ఇచ్చేది ఒక్కరే. రోసమ్‌లో ‘అమ్’ మన ‘ని’ లాంటిది, ఇచ్చే వస్తువు అదే. పుయెల్లే చివర ‘ఏ’ మన ‘కి’. మిగిలింది అగ్రికోలా, కర్త. మనకు విభక్తులు చిన్నప్పట్నుంచి నోట్లో ఆడతాండేవే, ఇంగ్లీషు మీదుగా పోవద్దు.

కర్నూలు నుంచి:
పుయెల్లే అంటే ‘అమ్మాయి యొక్క’ అనీ, ‘అమ్మాయిలు’ అనీ కూడా అవుతాది, జాగ్రత్త. ఇక్కడ దత్ ఏకవచనం, కాబట్టి అమ్మాయిలు కర్త కాదు. నేనైతే పెన్సిల్‌తో చివరి అక్షరాల కింద గీత గీసుకుంటా.

కడప నుంచి, అడిగినోడు:
అయితే రోసమ్ ముందుకొచ్చినా అర్థం మారదా?

అనంతపురం నుంచి:
మారదప్పా, ‘గులాబీని అమ్మాయికి రైతు ఇస్తాడు’ అన్నట్టే.