ఒబైద్ సిద్దిఖీ పడిపోయే ఈగల మీద సెమినార్, తెలిసినవాళ్ళు కొంచెం చెప్పండి

అందరికీ నమస్తే, వైజాగ్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నా, నెలాఖరుకి సెమినార్ ఉంది, జెనెటిక్స్ సైంటిస్ట్ ఒబైద్ సిద్దిఖీ గారి మీద తీసుకున్నా. ఆయన చదువే తమాషాగా ఉంటుంది, అలీగఢ్‌లో బోటనీ, గ్లాస్గోలో పాంటెకోర్వో అనే జెనెటిసిస్ట్ దగ్గర బూజు జెనెటిక్స్‌లో పీహెచ్‌డీ, 1962లో బొంబాయి టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్)లో మాలిక్యులర్ బయాలజీ యూనిట్, 70ల్లో అమెరికాలో కాల్‌టెక్ వెళ్ళి సీమోర్ బెంజర్ అనే సైంటిస్ట్‌తో కలిసి పండు ఈగల నరాల మీద పడ్డారు. బెంజర్ కూడా ఫిజిక్స్ నుంచి వచ్చినాయనే లెండి, వీళ్ళెవరూ ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు.

నా డౌట్ ఏంటంటే, వాళ్ళు చూసిన మ్యుటెంట్ (జీన్‌లో మార్పు ఉన్న) ఈగలు మామూలుగా బానే ఎగురుతాయి, 29 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి టపీమని పడిపోతాయి, చల్లబడితే లేచి నడుస్తాయి. పారాలిటిక్ అనే రకంలో సోడియం ఛానల్ (నరంలో సిగ్నల్ నడిపే ద్వారం) తేడా, నరంలోనే సిగ్నల్ ఆగిపోద్ది, ఓకే. షిబిరే అనే ఇంకో రకంలో సిగ్నల్ చివరిదాకా వస్తది గానీ సినాప్స్‌లో (నరం కండరాన్ని కలిసే చోట) వెసికిల్స్, అంటే సిగ్నల్ కెమికల్ నింపిన చిన్న సంచులు, రీసైకిల్ అవ్వక వాటి స్టాక్ ఖాళీ అయిపోద్ది. పైకి చూస్తే రెండూ ఒకేలా పడిపోతాయి కదా, మరి జీన్ పేరు కూడా తెలియని రోజుల్లో తేడా ఎక్కడుందో ఎలా పట్టారు? ఎలక్ట్రోడ్ ఎక్కడ గుచ్చి, కండరంలో ఏం చూసి చెప్పారు? బొమ్మ గీసి చూపించేలా ఎవరైనా చెప్తే పుణ్యం ఉంటది.

ఇంకోటి, ఈ ఈగల స్టాక్ స్టూడెంట్లకి ఇచ్చే ల్యాబ్ ఏదైనా ఉందా? మామూలువైతే ఎంవీపీ రైతు బజార్లో మగ్గిన అరటిపళ్ళ మీదే దొరుకుతాయి. మా ల్యాబ్‌లో ఏసీ లేదు, ఈ ఉక్కకి డెమో మొదలెట్టకుండానే సీసాలో అన్నీ వెల్లకిలా పడుకుంటాయేమో, థర్మోకోల్ డబ్బాలో ఐస్ పెట్టి తెస్తే ఆగుతాయంటారా?