పిల్లలకు ముందు నేర్పవలసింది ముహమ్మద్ ప్రవక్త (స) పట్ల ప్రేమా, సున్నత్ (ఆయన చూపిన నడవడిక) అలవాట్లా?

చర్చను ప్రారంభించినవారు: కర్నూలు నుంచి ఒక తండ్రి

అస్సలాము అలైకుమ్. మా ఇంట్లో కొంతకాలంగా తేలకుండా ఉన్న ఒక విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, అమ్మాయికి ఆరేళ్లు. నమాజు, టోపీ, కుడిచేత్తో భోజనం, పడుకునే ముందు దుఆ (వేడుకోలు) వంటివన్నీ ఈ వయసులోనే గట్టిగా అలవాటు చేయాలని మా నాన్నగారు అంటారు. పిల్లవాడు ఏ పొరపాటు చేసినా "ప్రవక్త (స) ఉమ్మత్‌లో (అనుచర సమాజంలో) పుట్టి ఇదా నీ పద్ధతి" అని మందలిస్తారు. నా భార్య అభిప్రాయం వేరు. ఇంట్లో ప్రవక్త (స) పేరు వినబడిందంటే తనకు చీవాట్లు పడబోతున్నాయని వాడు అనుకునే స్థితి వచ్చిందని, అన్నం ముందు కూర్చున్నవాడు ఆ పేరు వినగానే తల దించుకుంటున్నాడని ఆమె బాధ. అది నేనూ గమనించాను.

"మీరు అల్లాహ్‌ను ప్రేమిస్తున్నట్లయితే నన్ను అనుసరించండి, అల్లాహ్ మిమ్మల్ని ప్రేమిస్తాడు" అని ప్రజలకు చెప్పమని ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా (అధ్యాయం) 31వ ఆయత్‌లో (వాక్యంలో) ప్రవక్త (స)కు ఆదేశం ఉంది. ప్రేమ, అనుసరణ రెండూ అందులో ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్లవాడి విషయంలో దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నంద్యాల నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

వ అలైకుముస్సలాం. నేను మీ నాన్నగారి పక్షాన మాట్లాడతాను. ప్రేమ ముందు కలగాలి, ఆచరణ తర్వాత అదే వస్తుంది అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, ఎదిగిన పిల్లల్లో ఆ ఆచరణ కనబడక బాధపడుతున్న తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. పదిహేనేళ్లు దాటిన కుర్రవాడిని ఫజ్ర్‌కు (తెల్లవారుజాము నమాజుకు) లేపడం ఎంత కష్టమో, ఏడేళ్ల వయసులో ఆ అలవాటు చేయనివారికి బాగా తెలుసు.

పిల్లలకు ఏడేళ్లు రాగానే నమాజు చేయమని చెప్పండి, పదేళ్లు వచ్చాక చేయకపోతే దండించండి అని అబూదావూద్ గ్రంథంలో హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన ఉల్లేఖనం) ఉంది. దండన అంటే గాయం చేయడం కాదని, ముఖం మీద కొట్టరాదని ధర్మశాస్త్ర పండితులు హద్దులు గీశారు. ఆ హద్దులను నేనూ అంగీకరిస్తాను. అయితే పిల్లలను సరిదిద్దడమే ప్రేమకు విరుద్ధమన్న భావన సరికాదు. ప్రవక్త (స) తమ మనవడు హసన్ (రజి) జకాత్ ఖర్జూరాల్లోంచి ఒకటి నోట్లో పెట్టుకుంటే, పిల్లవాడే కదా అని ఊరుకోకుండా ఉమ్మించివేశారు. తమ ఇంట్లో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి భోజనపళ్లెంలో అటూ ఇటూ తిరుగుతుంటే, "బాబూ, అల్లాహ్ పేరు పలుకు, కుడిచేత్తో తిను, నీ ముందున్నది తిను" అన్నారు. తన భోజన విధానం ఆనాటి నుంచి అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ క్షణంలో చెప్పిన ఒక్క మాట జీవితాంతం నిలిచింది. ఆ మాట చెప్పకుండా కథలు మాత్రమే చెప్పి ఉంటే నిలిచేదా?

గుంటూరు నుంచి ఒక తల్లి

మాస్టారు గారూ, మీరు ఉదహరించిన రెండు సంఘటనలూ సహీ (రూఢి అయిన) హదీసులే, వాటిని నేనూ పిల్లలకు చెబుతాను. అయితే ఆ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) ఎవరి పళ్లెంలో చేయి పెట్టి తింటున్నారో కూడా చూడండి. తండ్రిని పోగొట్టుకుని, తల్లి ఉమ్మె సలమా (రజి) వెంట ఆ ఇంటికి వచ్చిన పిల్లవాడు ప్రవక్త (స)తో కలిసి ఒకే పళ్లెంలో తింటున్నాడు. పక్కన కూర్చోబెట్టుకుని తినిపించే మనిషి చెప్పిన మాట కాబట్టి అది మనసులో నాటుకుంది. పిల్లవాడికి విడిగా అన్నం పెట్టి, దూరంగా నిలబడి తప్పులు లెక్కపెట్టే మనిషి అవే పదాలు పలికితే అదే ఫలితం వస్తుందని నేను నమ్మలేను.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద ఆధారం హజ్రత్ అనస్ (రజి) జీవితం. సుమారు పదేళ్ల వయసులో తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆయనను మదీనాలో ప్రవక్త (స) సేవకు అప్పగించారు. పదేళ్లు సేవ చేశానని, ఆ పదేళ్లలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, చేసిన పనికి "ఎందుకు చేశావు" అని గానీ, చేయని పనికి "ఎందుకు చేయలేదు" అని గానీ అడగలేదని ఆయనే చెప్పారు. మందలింపు లేకపోతే అనుసరణ రాదనే వాదన నిజమైతే, అనస్ (రజి) సున్నత్ పట్ల అశ్రద్ధగా పెరిగి ఉండాలి. జరిగింది దానికి పూర్తిగా భిన్నం. రెండు వేలకు పైగా హదీసులు మనకు ఆయన ద్వారానే అందాయి.

అన్నిటికన్నా సొరకాయ సంగతి నన్ను కదిలిస్తుంది. ఒక దర్జీ ప్రవక్త (స)ను భోజనానికి పిలిచాడు. బార్లీ రొట్టె, సొరకాయ ముక్కలు, ఎండు మాంసం వేసిన పులుసు పెట్టాడు. వెంట వెళ్లిన అనస్ (రజి), ప్రవక్త (స) పళ్లెం అంచుల్లోని సొరకాయ ముక్కలను వెతికి తినడం చూశారు. ఆనాటి నుంచి నాకు సొరకాయంటే ఇష్టం ఏర్పడింది అన్నారు. సొరకాయ తినమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, తినకపోతే పాపమూ లేదు. తాను ప్రేమించిన మనిషికి ఏది ఇష్టమో చూసి, దానిని తన ఇష్టంగా చేసుకున్నారు. మన ఇళ్లలో ఎన్నో ఏళ్లు టోపీ పెట్టించి, వేలు పట్టి మసీదుకు నడిపించిన పిల్లల్లో ఇటువంటి ఇష్టం ఎందరికి కలిగిందో మనం నిజాయితీగా చూసుకోవాలి.

ఇక ఏడేళ్లు, పదేళ్ల హదీసు గురించి. ఏడుకు, పదికి మధ్య మూడేళ్లు ఉన్నాయి. రోజుకు ఐదు పూటల చొప్పున ఐదు వేలకు పైగా పిలుపులవుతాయి. అన్నిసార్లు ఓర్పుగా, మంచిమాటతో పిలవవలసిన బాధ్యతను ఆ హదీసు ముందు మన మీద పెట్టింది. ఆ ఐదు వేల పిలుపులను వదిలేసి నేరుగా దండన దగ్గరికి వెళ్లేవారు సగం హదీసునే పాటిస్తున్నారు. దైవమార్గంలో యుద్ధం చేసినప్పుడు తప్ప ప్రవక్త (స) తమ చేత్తో ఎవరినీ, స్త్రీని గానీ సేవకుడిని గానీ, ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట సహీ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఉంది. అలాంటి మనిషి పేరు చెప్పి పిల్లవాడి మీద చేయి ఎత్తేవారు, అనుసరణను తామే మొదలుపెట్టవలసి ఉంటుంది.

భాయ్, మీ ఇంట్లో మార్చవలసింది ఒక్కటే అని నాకు తోస్తోంది. పిల్లవాడిని మందలించవలసి వస్తే మీ పేరుతో, మీ నాన్నగారి పేరుతో మందలించండి. ప్రవక్త (స) పేరును మాత్రం ముద్దు చేసేటప్పుడు, మెచ్చుకునేటప్పుడు, సంతోషంగా ఉన్నప్పుడు ఎత్తండి.

హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒకరు

ప్రేమ గురించి ఇంత మాట్లాడుతూ మీలాద్ (ప్రవక్త పుట్టినరోజు వేడుక) ఊసు ఎత్తలేదు. పచ్చజెండాలు, నాత్‌లు (ప్రవక్తను కీర్తించే పాటలు), వీధివీధినా అన్నదానం, తండ్రి భుజాల మీద కూర్చుని జులూసు (ఊరేగింపు) చూడడం, ఇవన్నీ మా పిల్లలకు ప్రవక్త (స) పుట్టుక సంతోషకరమైన విషయమని నేర్పుతున్నాయి. 2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజున వచ్చినప్పుడు ఇక్కడ జులూసును వాయిదా వేశారు. ఎందుకు వాయిదా వేశారని మా పిల్లలు అడిగారు. ఇరుగుపొరుగువారి హక్కుల గురించి ప్రవక్త (స) ఏం చెప్పారో వివరించడానికి అంతకన్నా మంచి సందర్భం నాకు దొరకలేదు.

నంద్యాల నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

మీలాద్‌ను ఇమామ్ సుయూతీ వంటి పండితులు మంచి ఆచారంగా సమర్థించారు, సహాబాల (ప్రవక్త సహచరుల) కాలంలో లేనిదని అహ్లె హదీస్ వర్గంవారు, దేవ్‌బంద్ సంప్రదాయ పండితుల్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. ఆ వివాదం ఇక్కడ తేలదు. ఏడాదికి ఒక రోజు జరిగేది మిగిలిన రోజుల శిక్షణకు బదులు కాలేదని మాత్రం అంటాను.

ప్రకాశం జిల్లా నుంచి, మక్తబ్‌లో (పిల్లల మతపాఠశాలలో) బోధించే ఒక ఆపా (అక్క)

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని ఒక విషయం ఉంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో నూర్‌బాషా (దూదేకుల) కుటుంబాలవారు ఎక్కువ. వారి ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తెలుగు లేదా ఇంగ్లీషు. అటువంటి పిల్లలు ఉర్దూ నాత్‌ను రాగం తప్పకుండా పాడతారు, అందులో ఏముందని అడిగితే మౌనంగా నిలబడతారు. దరూద్ (ప్రవక్తపై దీవెనలు కోరే ప్రార్థన) అరబీలోనే నేర్పాలి, అందులో సందేహం లేదు. ప్రవక్త (స) ఎవరో తెలియడానికి మాత్రం పిల్లవాడు అమ్మతో మాట్లాడే భాష కావాలి.

ఆయన పుట్టక ముందే తండ్రి అబ్దుల్లా చనిపోయారని, ఆరేళ్ల వయసులో అబ్వా అనే చోట తల్లి ఆమినా దూరమయ్యారని, ఎనిమిదేళ్లకు తాత అబ్దుల్ ముత్తలిబ్ కూడా పోయారని ఒకరోజు తెలుగులో చెప్పాను. తండ్రి లేని ఒక పిల్లవాడు "ఆయనకు కూడా నాన్న లేరా" అని అడిగాడు. అంతవరకు పాఠం మధ్యలో లేచి వెళ్లిపోయే పిల్లవాడు, మర్నాటి నుంచి ముందు వరుసలో కూర్చుంటున్నాడు. పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న చిన్నారి అబూ ఉమైర్‌ను ప్రవక్త (స) ఆ పిట్ట పేరెత్తి పలకరించారని చెబితే, ఇంట్లో కోడిపిల్లలను పెంచుకునే పిల్లలకు విడమరచి చెప్పవలసిన అవసరమే రాలేదు. బడిలో స్నేహితులు "మీ ప్రవక్త ఎవరు" అని అడిగితే ఇప్పుడు మా పిల్లలు తెలుగులో సమాధానం చెప్పగలుగుతున్నారు.

ఇంకొక మాట. పిల్లలకు ప్రవక్త ప్రేమ, ఆయన కుటుంబం పట్ల ప్రేమ, ఖుర్ఆన్ పారాయణం అనే మూడింటిని నేర్పమని ఒక ఉల్లేఖనం సభల్లో తరచుగా వినబడుతుంది. దాని పరంపర బలహీనమైనదని హదీసు పండితులు చెప్పారు. ప్రేమ నేర్పే పాఠంలోనైనా రూఢి అయిన మాటలనే ప్రవక్త (స) పేర చెబుదాం.

నంద్యాల నుంచి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు

గుంటూరు సోదరి చెప్పిన ఐదు వేల పిలుపుల లెక్క న్యాయమైనది, దానిని నేను కాదనను. అయినా పిలిచేవారు ఒకరు ఉండాలి కదా. ప్రతి పూటా విసుగు లేకుండా పిలిచే ఓపిక ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల్లో ఎందరికుంది? ఆ తాతగారు కనీసం ఐదు పూటలా పిలుస్తున్నారు. ఆయనను పక్కన పెడితే ఆ పిల్లవాడిని నమాజుకు లేపేది ఎవరు?

కర్నూలు నుంచి, చర్చను ప్రారంభించిన తండ్రి

అందరికీ జజాకల్లాహ్. ఈ మాటలను మా నాన్నగారికి చదివి వినిపించాను. నమాజుకు లేపే బాధ్యత తనదేనని, దానిని ఎవరికీ ఇవ్వనని ఆయన అన్నారు. మేమూ అందుకు సంతోషంగా ఒప్పుకున్నాం. భోజనం దగ్గర ప్రవక్త (స) పేరుతో మందలించడం మాత్రం మానివేస్తానన్నారు. సొరకాయ సంగతి తనకు తెలుసని, మనవడికి చెప్పాలని ఎప్పుడూ తోచలేదని కూడా అన్నారు. ఇషా (రాత్రి నమాజు) తర్వాత రోజుకొక సంఘటన చొప్పున పిల్లలిద్దరికీ ఆయనే చెప్పేటట్లు అనుకున్నాం. ఆయన ఉర్దూలో చదివి తెలుగులో చెప్పగలరు కానీ, పిల్లలు తామే చదువుకోవడానికి వీలైన సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) పుస్తకాలు, రూఢి అయిన హదీసులతో, తేలిక తెలుగులో ఉన్నవి తెలిస్తే ఆపా గారు సూచించగలరు.