దివాన్ కింద సబ్‌వూఫర్: పొద్దుట్నుంచీ ఒకటే బూం

పాలకొల్లు కుర్రోడు:
పొద్దున్న తొమ్మిదింటికి కూర్చున్నాను, మూడు దాటింది, ఇంకా అన్నం కూడా తినలేదు. దివాన్ కాట్ కింద పట్టేలా పలచటి సబ్‌వూఫర్ డబ్బా చేయించాను. లెక్కంతా జాగ్రత్తగానే వేశాను: డబ్బా 47 లీటర్లు, ట్యూనింగ్ 32 హెర్ట్జ్. తీరా పాట పెడితే ఏ పాటైనా ఒకటే మోత, బూం బూం అని. స్వరం మారినట్టే ఉండదు. అదీ నాకు కాదు! నేను కుర్చీలో కూర్చుంటే బేస్ ఉందో లేదో తెలియట్లేదు. గోడవార పడక్కుర్చీలో ఉన్న మా నాన్నగారేమో "ఆపరా బాబూ, గుండె అదురుతోంది" అంటున్నారు. యాంప్ మీద మూడు నాబులున్నాయి, మూడూ తిప్పి తిప్పి వేళ్లు నొప్పెట్టాయి. ఫేజ్ స్విచ్ కూడా అటూ ఇటూ వేసి చూశా. డ్రైవర్, అదే లోపల బిగించిన స్పీకరు, పోయిందంటారా? కొన్నచోట వెనక్కి తీసుకోం అంటున్నారు. ఆదివారం బావ వాళ్లొస్తున్నారు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గట్టుమీద రొయ్య:
డ్రైవర్ ఏది? డబ్బా కొలతలు? గది ఎంత? ఇవేవీ లేకుండా అడిగితే ఇంక సోదె చెప్పాలి.

చెక్కపని:
ముందు ఒకటి చెప్పండి, డబ్బా దేంతో చేయించారు? ఎండీఎఫ్, అంటే చెక్కపొడి జిగురుతో అదిమిన పలక, అయితే ఇంక దాని మీద పైసా పెట్టకండి. వీడియోల్లో అందరూ ఎండీఎఫ్ అంటారు, వాళ్ల ఊళ్లలో చెల్లుతుందేమో. మన దగ్గర ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలే చెమరుస్తాయి. కోసిన అంచు ఆ తడి పీల్చి బూరెలా ఉబ్బుతుంది, మరలు పట్టు వదిలేస్తాయి, సందుల్లోంచి గాలి పోతుంది. అక్కడితో మీ లీటర్లూ హెర్ట్జులూ అన్నీ గోదాట్లోకే. ఐఎస్ 710 అని భారతీయ ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోవాలి. ఐఎస్ 303 అని ఉన్నదాంట్లో రెండు రకాలు, బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి తట్టుకునేది), ఎంఆర్ (కాస్త తేమకి మాత్రమే తట్టుకునేది). ఎంఆర్ జోలికి పోకండి. పైగా దివాన్ కింద అంటున్నారు, ఎవరూ తొంగిచూడని చోటు, చెదపురుగుకి పండగే. అంచులకి రెండు పూతలు వార్నిష్ వేయించారా లేదా?

పాలకొల్లు కుర్రోడు:
ప్లై మంచిదేనండి, 18 ఎంఎం, కార్పెంటర్ గారే తెచ్చారు. నా గొడవ చెక్కతో కాదు.
కొలతలు: 30 × 16 × 6 అంగుళాలు. దివాన్ కింద సందు 8 అంగుళాలే. హాల్లో నల్ల డబ్బా కనపడకూడదని అమ్మ ఆర్డరు, అందుకే ఈ పాట్లు. డ్రైవర్ కారు సీటు కింద పెట్టే పలచటి రకం, 10 అంగుళాలు. నేలవైపు తిప్పి బిగించాం, కింద అంగుళంన్నర బుడిపెలు పెట్టాం.

తీర్థంలో మైకు:
నేలవైపా! అయితే అయిపోయింది. స్పీకర్లో కదిలే కోన్ తన బరువుకి తనే కిందికి వేలాడిపోద్ది, ఆరు నెలల్లో కాయిల్ రాసుకుంటది. పాతికేళ్లుగా తీర్థాలకీ పెళ్లిళ్లకీ బాక్సులు కడుతున్నా, నేలకి తిప్పిన స్పీకరు ఒక్కటి చూపించండి. అయినా 10 అంగుళాలకి బేస్ ఏంటండి? మావి 18లు. దివాన్ తీసేసి రెండు 18లు పెట్టుకోండి, దానిమీదే పరుపేసుకు పడుకోవచ్చు.

పాత రేడియో:
మైకు గారూ, బరువైన కోన్, దాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ వదులు అయితే మీ భయం నిజమే. కానీ ఎంత జారుతుందో లెక్క కట్టొచ్చు. డ్రైవర్ సహజ పౌనఃపున్యం, అంటే ఎఫ్ఎస్, 32 హెర్ట్జ్ అనుకోండి, జారేది పావు మిల్లీమీటరు. అది 20 హెర్ట్జ్ ఉంటే 0.6 మిల్లీమీటర్ల దాకా పోతుంది. ఎఫ్ఎస్ తగ్గేకొద్దీ జారుడు ఎక్కువ, అందుకే అలాంటివాటిని నేలకి తిప్పొద్దంటారు. ఈ కారు రకానికి ఫర్వాలేదు.
పాలకొల్లు గారూ, 32 హెర్ట్జ్ ట్యూనింగ్ అన్నారంటే డబ్బాకి పైపు ఉందా? డ్రైవర్ కాగితంలో ఎఫ్ఎస్, క్యూటీఎస్ (కోన్ ఊపు ఎంత అదుపులో ఉంటుందో), వీఏఎస్ (దాని సస్పెన్షన్ ఎన్ని లీటర్ల గాలి స్ప్రింగుకి సమానమో) అని మూడు అంకెలుంటాయి, అవి పెట్టండి. ఈ అంకెల వెనక పెద్ద కథ ఉంది. అంతకుముందు డబ్బాలు అంచనా మీద కోసేవాళ్లు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ఒక వ్యాసం రాశాడు, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తి చేశాడు. ఇవాళ మనం ఫోన్లో నొక్కే కాలిక్యులేటర్లన్నీ ఆ ఇద్దరి చలవే.

పాలకొల్లు కుర్రోడు:
పైపు ఉంది, చెప్పలేదా? మూడంగుళాల పీవీసీ, లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు, పొడవు 19. కాగితంలో ఎఫ్ఎస్ 32, క్యూటీఎస్ 0.51, వీఏఎస్ 26 లీటర్లు. యాంప్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నది, 100 వాట్లు.

మద్దెల:
అందరికీ నమస్కారం. నాకు స్పీకర్లు తెలియవు, మృదంగం తెలుసు. ఇందాకట్నుంచి ట్యూనింగ్ ట్యూనింగ్ అంటున్నారు, మనకి శ్రుతి అనే మాట ఉండగా? బేస్ అనేదాన్ని మంద్రం అనొచ్చు.

గట్టుమీద రొయ్య:
మంద్రవూఫర్ అందామా అండి?

మద్దెల:
వెటకారం వద్దు బాబూ. మృదంగం ఎడమ మూతకి రవ్వ తడిపి అద్దుతాం, ఎందుకో తెలుసా? బరువు పెరిగితే నాదం కిందికి దిగుతుంది. మీ డబ్బాలో రవ్వ ఎక్కడుందో చూసుకోండి, అంతే.

పాత రేడియో:
నవ్వకండి, అదే మాట. పైపులో ఉన్న గాలే ఈ డబ్బాకి రవ్వ. పైపు పొడుగయితే కదిలే గాలి బరువు పెరిగి శ్రుతి దిగుతుంది. డబ్బాలో గాలి స్ప్రింగు. డబ్బా చిన్నదైతే స్ప్రింగు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. ఖాళీ సోడాబుడ్డి మూతి దగ్గర ఊదండి, సగం నీళ్లు పోసి మళ్లీ ఊదండి, తెలిసిపోతుంది.

గట్టుమీద రొయ్య:
47 లీటర్లు బయటి కొలత.

పాలకొల్లు కుర్రోడు:
అంటే?

గట్టుమీద రొయ్య:
30 × 16 × 6 కలిపితే 47. గాలి చెక్క లోపల ఉంటుంది.

పాలకొల్లు కుర్రోడు:
18 ఎంఎం చెక్కకి అంత తేడా వస్తుందాండి? నాలుగు లీటర్లు పోతాయేమో.

పాత రేడియో:
పలచటి డబ్బాతో వచ్చే చిక్కే అది. 6 అంగుళాల ఎత్తులో పైచెక్క, కిందచెక్క కలిపి 1.4 అంగుళాలు తినేశాయి. లోపల మిగిలింది 28.6 × 14.6 × 4.6, అంటే 31 లీటర్ల చిల్లర. అందులో డ్రైవర్ వెనకభాగం, పైపు, మధ్యలో అడ్డకర్రలు తీసేస్తే 27 మిగుల్తుంది. 7 సెంటీమీటర్ల పైపు 19 పొడవుతో 47 లీటర్లకి 32 హెర్ట్జ్ వస్తుంది, మీ లెక్క తప్పు కాదు. అదే పైపు 27 లీటర్లకి 42 హెర్ట్జ్ ఇస్తుంది.
నా లెక్క నమ్మకండి, మీరే చూసుకోండి. డబ్బా తిరగేసి కోన్ పైకి పెట్టండి. ఫోన్లో టోన్ జనరేటర్ పెట్టి 30 నుంచి ఒక్కో హెర్ట్జ్ పెంచుతూ రండి, సౌండు తక్కువే ఉండాలి. కోన్ మధ్యలో వేలు మెల్లగా ఆనించండి. ఎక్కడ కోన్ దాదాపు ఆగిపోయి పైపులోంచి గాలి గట్టిగా కొడుతుందో అదే మీ డబ్బా శ్రుతి. పైపు మూతి దగ్గర అగరొత్తి పెడితే ఇంకా బాగా తెలుస్తుంది.

చెక్కపని:
లోపలి అంచులకి వార్నిష్ వేశారా అని అడిగాను. జవాబు లేదు.

పాలకొల్లు కుర్రోడు:
చూశానండి. 38 దగ్గర అగరొత్తి పొగ కొంచెం వణికింది. 41, 42 వచ్చేసరికి మూతి దగ్గర పొగ రెండుగా చీలిపోయింది, కోన్ వేలికి తగలట్లేదు. 45కి మళ్లీ కోన్ కదిలింది. "ఇప్పుడు ఏం పూజరా" అని అమ్మ.
సరే, 42 ఒప్పుకుంటున్నా. కానీ నాన్నగారికి మోగి నాకెందుకు మోగదు?

గట్టుమీద రొయ్య:
గది ఎంత? రెండోసారి.

పాలకొల్లు కుర్రోడు:
మొదటిసారి అడిగినప్పుడు గది మాట నేను చూడలేదండీ. మాది పాత మండువా ఇల్లు. హాలు వెడల్పు ఈ గోడ నుంచి ఆ గోడకి 14 అడుగులు, పొడవు వైపు మండువాలోకి తెరిచే ఉంటుంది. దివాన్ ఒక గోడకి, నాన్నగారి కుర్చీ ఎదురు గోడకి. నా కుర్చీ మధ్యలో, ఫ్యాను కింద.

పాత రేడియో:
ఇదేదో మొదటి పోస్టులోనే రాసుంటే ఇప్పటికి భోజనం చేసేవారు. ఎదురెదురు గోడల మధ్య 14 అడుగులంటే 4.27 మీటర్లు. శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, దాన్ని రెండు 4.27లతో భాగిస్తే 40 హెర్ట్జ్. గది తనంతట తను మోగే చోటు అది. మీ డబ్బా 42. గదీ డబ్బా కలిసి ఒకే స్వరం పాడుతున్నాయి, అందుకే ఏ పాటైనా ఒకటే బూం. ఈ మోత గోడల దగ్గర గరిష్ఠం, సరిగ్గా మధ్యలో సున్నా. నాన్నగారు గోడ దగ్గర, మీరు సున్నాలో.
డ్రైవర్ నిక్షేపంలా ఉంది. కుర్చీ రెండున్నర అడుగులు వెనక్కి జరపండి, గోడ దగ్గర ఉన్నదాంట్లో సగమైనా చేరుతుంది.

పాలకొల్లు కుర్రోడు:
ఫ్యాను కింద నుంచి జరగడమా? ఈ ఉక్కలోనా?

తీర్థంలో మైకు:
ఇంత లెక్కలెందుకండి. వాల్యూం పెంచండి.

చెక్కపని:
పెంచితే కిటికీ రెక్కలు ఊడొస్తాయి. పాత ఇల్లు అంటున్నారు, ఆ టేకు ఇప్పుడు దొరకదు.

పాత రేడియో:
డబ్బాకి రెండు దార్లు. ఒకటి, పైపు 37 సెంటీమీటర్లకి పెంచితే 27 లీటర్లలో కూడా 32కి దిగుతుంది. లోపలి కొస ఎదురు చెక్కకి కనీసం పైపు వెడల్పంత దూరం ఉండాలి, మీకు చోటుంది. కానీ 10 అంగుళాల కోన్‌కి ఆ పైపు సన్నం, గట్టిగా పెడితే బుసకొడుతుంది.
రెండోది, పైపు మూసేయడం. మీ డ్రైవర్ అంకెలకి 27 లీటర్ల మూసిన డబ్బాలో క్యూటీసీ, అంటే డబ్బాలో పెట్టాక కోన్ ఊపు ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె, 0.71 వస్తుంది, పుస్తకాల్లో చెప్పేది 0.707. కావాలని చేసినా ఇంత బాగా కుదరదు. 45 హెర్ట్జ్ దాకా ఇంచుమించు సమంగా ఉండి ఆ కింద మెల్లగా దిగుతుంది. స్వరాలు విడివిడిగా వినపడతాయి. ఖర్చు లేదు, పైపులో పాత లుంగీ గట్టిగా కుక్కి వినండి.

తీర్థంలో మైకు:
మూస్తే బేస్ చచ్చిపోద్ది. గుడ్డలు కుక్కడం ఏంటి, పేషెంటుకి పెట్టినట్టు.

పాత రేడియో:
మోత తగ్గుద్ది, బేస్ చావదు. హాఫ్‌మన్ ఇనుప సూత్రం అని ఒకటుంది: చిన్న డబ్బా, లోతైన బేస్, పెద్ద మోత, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. ఆయనకి దివాన్ కింద డబ్బా కావాలి, ఒకటి అక్కడే ఖర్చయిపోయింది.

గట్టుమీద రొయ్య:
బేస్ వేరు, మోత వేరు. ఈ ముక్క తెలిస్తే తీర్థాల్లో సగం గోల తగ్గేది.

తీర్థంలో మైకు:
మా బాక్సుల ముందు నిలబడి చెప్పండి ఆ మాట.

మద్దెల:
మోతకి నాదం అని కూడా...

గట్టుమీద రొయ్య:
వద్దండి.

పాత రేడియో:
ఒక సందేహం నాకే ఉంది. మూసిన గదిలో అయితే అట్టడుగు బేస్‌కి గది కొంత సాయం చేస్తుంది. మండువా తెరిచి ఉంటే ఆ సాయం చాలావరకు ఆకాశంలోకే పోతుంది. 30 దగ్గర మీకు ఎంత వినపడుతుందో విని చెప్పండి. క్రాస్ఓవర్ నాబు (డబ్బా ఏ హెర్ట్జ్ దాకా మోగాలో పెట్టేది) 80 దగ్గర పెట్టండి, గెయిన్ (డబ్బా సౌండు) సగానికి తగ్గించండి.

పాలకొల్లు కుర్రోడు:
సారీ, మూడు రోజులు చూడలేదు, బావ వాళ్లున్నారు. నాన్నగారి పాత లుంగీ కుక్కాను, నీలం గళ్లది. బూం పోయింది, మృదంగం మృదంగంలానే వినపడుతోంది. కుర్చీ అడుగున్నర జరిపాను, అంతకంటే జరిపితే గాలి రావట్లేదు. 30 సంగతి చూడలేదండి, అమ్మ డబ్బా ముందు కొబ్బరికాయలు పేర్చింది. థాంక్స్ అందరికీ.

చెక్కపని:
కొబ్బరికాయల తడి తగులుతుంది. ఆ ప్లై మీద ముద్ర ఏముందో ఒక్కసారి చూసి చెప్పండి.