చదును కప్పుకు చూరు ఉంటుందా?

ప్రశ్న: నమూనా రైలు మార్గం పక్కన నిలపడానికి 1:87 కొలతలో (అసలు పరిమాణంలో 87వ వంతు) ఒక గిడ్డంగి కడుతున్నాను. తయారీ క్రమం తెలుగులో రాసుకుంటుంటే కప్పు అంచు వచ్చిన ప్రతిచోటా ‘చూరు’ అనే రాస్తున్నాను. చదును కప్పు అంచును కూడా అలా అనవచ్చా?

జవాబు: అనకపోవడమే మంచిది. వాలు కప్పు గోడను దాటి బయటికి వచ్చిన కొస చూరు. ‘చూరు పట్టుకుని వేలాడటం’ అన్న పలుకుబడిలోనే ఆ సంగతి ఉంది; పట్టు దొరకాలంటే కప్పు బయటికి పొడుచుకు రావాలి కదా. మీ గిడ్డంగి కప్పు చుట్టూ లేచేది పిట్టగోడ.

ఈ తేడా తెలిస్తే రంగు ఎక్కడ వేయాలో కూడా తెలుస్తుంది. వాలు కప్పు అంచున నీళ్లు పట్టే దోనె లేకపోతే చూరునీళ్లు గోడ పొడవునా నేల మీద పడి చిందుతాయి, గోడ అడుగున బురద పట్టీ కడతాయి. పిట్టగోడ ఉంటే నీటికి తూములే దారి. అప్పుడు మరక తూము నోటి కింద మాత్రమే, నిలువుగా, కిందికి పోయేకొద్దీ పలచబడుతూ ఉండాలి. కప్పు మీద తూము దగ్గర నీరు నిలిచి ఆరిన చోట మట్టి పేరుకుంటుంది. అక్కడ లేత బూడిదరంగు పొడిని మెత్తని కుంచెతో అద్దండి. నమూనాను ఎక్కువగా పైనుంచే చూస్తాం కాబట్టి గోడల మీద పెట్టే శ్రమలో సగమైనా కప్పుకు దక్కాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: నీరు దిగకుండా చదును కప్పు మీద పరిచే తారు కాగితం పట్టీలు నమూనాలో ఎంత వెడల్పు ఉండాలి?

జవాబు: అసలు తారు కాగితం చుట్ట వెడల్పు సాధారణంగా 3 అడుగులు. మీ కొలతలో సుమారు 10.5 మిల్లీమీటర్లు. పలచని కాగితాన్ని ఆ వెడల్పున కత్తిరించి పల్లం వైపు నుంచి మొదలుపెట్టండి. పై పట్టీ కింది పట్టీని కాస్త కప్పాలి. అన్నింటికీ ఒకే నలుపు వద్దు. ఎండకు వెలిసిన తారు బూడిదరంగుకు తిరుగుతుంది.

మరొకరు: పిట్టగోడ లోపలి వైపు మరిచిపోకండి. తారు కాగితం గోడ మొదట్లో ఆగదు, కొంత పైకి మడిచి అంటిస్తారు. గోడ మందం కూడా అక్కడే బయటపడుతుంది: 9 అంగుళాల ఇటుక గోడ 1:87లో దాదాపు 2.6 మిల్లీమీటర్లు ఉండాలి. పలచని ప్లాస్టిక్ రేకుతో కట్టిన గోడైతే లోపలి నుంచి ఇంకో రేకు అతికించండి.